పాత కథలు, నవలలు – చదవవలసిన వరుస
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యవర్గంవారు ఈ సాయంకాలం నాకు అప్పగించిన పని పైకి చాలా సుళువుగా కనిపిస్తుంది. తెలుగులో పూర్వం వెలువడిన మంచి కథలను, నవలలను, అందులోనూ ఒకప్పుడు జనం ఎగబడి చదివిన పుస్తకాలను కొన్నింటిని సభ్యులకు పరిచయం చేయమన్నారు. పేర్లు చదివి కూర్చోవడమైతే పది నిమిషాల పని. కాని వంటకాల పేర్లు వినిపిస్తే విస్తరి నిండదు గదా! కనుక ఏ పుస్తకం ముందు చదవాలి, ఏది తరువాత చదవాలి, ఆ వరుస ఎందుకు అనే విషయం నాకు తోచినంతలో మనవి చేయదలచాను. నేను సాహిత్య చరిత్రకారుడను కాను, విమర్శకుడనూ కాను. డ్యూటీ ముగించుకొని ఇంటికి చేరి, భోజనానంతరం ఒక పుస్తకం చేతపట్టుకొనే సామాన్య పాఠకులలో ఒకడను.

ఈ విషయం కేవలం కాలక్షేపానికి సంబంధించినది కాదు. ఉక్కు కర్మాగారంలోనూ, రైల్వేలోనూ, తపాలా శాఖలోనూ, ఇతర కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలోనూ పనిచేస్తూ మనవారు ఇక్కడ రెండు మూడు తరాలుగా స్థిరపడి ఉన్నారు. మన ఇండ్లలో తెలుగు మాట్లాడుకొంటున్నాము. పండుగలు చేసుకొంటున్నాము. పిల్లలు హిందీలోనూ ఇంగ్లీషులోనూ చక్కగా చదువుకొంటున్నారు. ఇదంతా సంతోషించదగినదే. కాని స్వగ్రామం నుంచి తాతగారు ఫోనులో తెలుగు అక్షరాలతో పంపిన నాలుగు మాటలను మనుమడు తండ్రిచేత చదివించుకోవలసి వస్తున్నది. పిల్లల చెవికి తెలుగు తెలుసు, కంటికి తెలియదు. చెవిలో మాత్రమే నిలిచిన భాష ఇంటి నుంచి వీధి వరకే వస్తుంది. మరొక తరం గడిచేసరికి అది వంటింటి మాటలకు, బంధువుల వరుసలకు పరిమితమై, ఆ తరువాత అదీ సన్నగిల్లుతుంది. పాఠ్యపుస్తకం ఈ పరిస్థితిని చక్కదిద్దగలదని నాకు నమ్మకం లేదు. బడిలో ఇప్పటికే బరువు మోస్తున్న పిల్లవానికి అది మరొక బరువు. మంచి కథ అయితే తరువాత ఏమైనదో తెలుసుకోవాలన్న ఆతురతతో తానే పుట తిప్పిస్తుంది.

ఐతే కథను ఎన్నుకోవడంలో మనం తరచుగా ఒక పొరపాటు దారి తొక్కుతున్నాము. తెలుగు చదవాలని సంకల్పం కలిగినవాడు ముందుగా అందరూ గొప్పదని చెప్పే పుస్తకాన్ని కొని తెస్తాడు. అది “వేయిపడగలు” కావచ్చు. వేయి పుటల గ్రంథం. నలభయ్యవ పుట దగ్గర గుర్తు పెట్టి బీరువాలో ఉంచుతాడు. ఆ గుర్తు అక్కడనే ఉండిపోతుంది. “నాకు తెలుగు రాదు” అని తనకు తానే తీర్పు చెప్పుకొంటాడు. ఇందులో పుస్తకం దోషం లేదు, పాఠకుని దోషమూ లేదు. దోషమంతా వరుసలో ఉన్నది. కర్మాగారంలో పనిచేసేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. క్రొత్తగా కట్టిన కోక్ ఓవెన్ బ్యాటరీని ఎవరూ ఒక్కరోజున పూర్తి వేడికి తీసుకొనిపోరు. వారాల తరబడి క్రమక్రమంగా వేడి పెంచుతారు. తొందరపడితే లోపలి ఇటుకలు పగులుతవి. పఠనాభిరుచి కూడా అటువంటిదే. గొప్పతనపు వరుస వేరు, చదువుకొనే వరుస వేరు. ఈ ప్రసంగంలో నేను చెప్పబోయేది ఆ రెండవ వరుసను గురించి.

ఆ వరుసలోకి ప్రవేశించడానికి ముందు, ఈ ప్రాంతానికీ తెలుగు కథకూ గల సంబంధాన్ని ఒకదానిని జ్ఞాపకం చేయడం అవసరం. ఆంధ్రదేశానికి దూరంగా ఉన్నాము గనుక మనకు సాహిత్యంతో పనేమిటి అనుకొనేవారు మనలో లేకపోలేదు. ఆధునిక తెలుగు కథ గురజాడ అప్పారావుగారి “దిద్దుబాటు”తో 1910లో మొదలైనదని చాలాకాలం చెప్పుకొన్నాము. అంతకు ఎనిమిదేండ్ల పూర్వమే, 1902లో, “హిందూ సుందరి” పత్రికలో “ధనత్రయోదశి” అనే కథ వెలువడినది. పలువురు పరిశోధకులు దీనినే మొదటి తెలుగు కథగా ఈనాడు పరిగణిస్తున్నారు. దానిని వ్రాసినది భండారు అచ్చమాంబగారు. పెనుగంచిప్రోలులో 1874లో జన్మించిన ఆమె, భర్త ఉద్యోగరీత్యా ఆనాటి మధ్య పరగణాలలో జీవించారు. బడికి వెళ్లి చదువుకొన్నవారు కారు. తమ్ముడు చదువుకొంటుంటే ఆయన ప్రక్కన కూర్చుండి అక్షరాలు నేర్చి, తెలుగు, హిందీ, మరాఠీలు అభ్యసించారు. “అబలా సచ్చరిత్ర రత్నమాల” అనే పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు రచించారు. 1905 జనవరిలో, ముప్పది ఏండ్ల ప్రాయంలో, ప్లేగు వ్యాధి సోకి కన్నుమూశారు. ఆమె మరణించిన ఊరు బిలాస్‌పూర్. మనకు రైలులో కొద్ది గంటల దూరం. ఆమె చెంత ఉండి చదువుకొన్న ఆ తమ్ముడే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనకు మూలపురుషులై, తెలుగు గ్రంథ ప్రచురణకు క్రొత్త మార్గం చూపినవారు.

“ధనత్రయోదశి” చిన్న కథ. పేదరికం ఒక సంసారాన్ని తప్పుదారికి లాగబోయినప్పుడు భార్య నిజాయితీని ఎలా నిలబెట్టినదో చెప్పే కథ. ఆ పేరును గమనించండి. ధనత్రయోదశి ఆనాటి మన పల్లెలలో అంత ప్రాచుర్యంగల పండుగ కాదు. హిందీ, మరాఠీ ప్రాంతాలలో ఇంటింటా జరిగే పండుగ. ప్రవాసంలో ఉన్న ఒక తెలుగు ఇల్లాలు తన చుట్టూ చూచిన జీవితాన్ని తన భాషలో వ్రాసుకొన్నదని ఆ పేరే చెబుతున్నట్లు నాకు తోస్తుంది. దీనికి ఒక్క సంవత్సరం ముందు, 1901లో, ఇదే బిలాస్‌పూర్ ప్రాంతంలోని పేండ్రా నుంచి వెలువడే “ఛత్తీస్‌గఢ్ మిత్ర” పత్రికలో మాధవరావు సప్రేగారు “ఏక్ టోకరీ భర్ మిట్టీ” అనే హిందీ కథ ప్రకటించారు. హిందీలో మొదటి కథ అదేనని చాలామంది అభిప్రాయం. సప్రేగారి మాతృభాష మరాఠీ. ఇటువంటి నేల మీద నివసిస్తూ మనం దూరంగా ఉన్నామనుకోవడం సమంజసం కాదు. కనుక ఈ ఊరి తెలుగువారు చదవవలసిన మొదటి కథ ఏదని నన్నడిగితే, “ధనత్రయోదశి” అనే చెబుతాను. అరగంటలో చదువుకోవచ్చు.

ఇక వరుసకు వస్తాను. మొదటి మెట్టు చెవికి సంబంధించినది. అక్షరాలు రాని పిల్లలకు మనం చదివి వినిపించే కథలివి. 1947 జూలైలో మద్రాసు నుంచి ప్రారంభమైన “చందమామ” ఈనాడు వెలువడడం లేదు. కాని పాత సంచికలు మనలో చాలామంది ట్రంకుపెట్టెలలో ఉన్నవి. 1954 నుంచి అందులో “తోకచుక్క”, “మకరదేవత”, “ముగ్గురు మాంత్రికులు”, “కంచుకోట”, “రాకాసిలోయ” మొదలైన ధారావాహికలు వచ్చినవి. వీటిని దాసరి సుబ్రహ్మణ్యంగారు తమ పేరు కూడా వేసుకోకుండా వ్రాశారు. ప్రతి భాగమూ ఒక ఆపద దగ్గర ఆగుతుంది. వాక్యాలు చిన్నవి. అర్థం కాని మాట అరుదు. పది నిమిషాలు చదివి ఆపివేస్తే పిల్లవాడు తరువాతి భాగం కొరకు మీ వెంట పడతాడు. అంతకంటె మనకు కావలసినది ఏమున్నది? వీటితోపాటు నండూరి రామమోహనరావుగారి అనువాదాలు, “టామ్ సాయర్”, “హకల్‌బెరీ ఫిన్”, “కాంచనద్వీపం”, “రాజూ–పేద” చదవవచ్చు. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఈ కథలను బడిలో విని ఉంటారు. తెలిసిన కథ తెలుగులో వింటే, తెలియని మాట దానంతటదే తెలిసిపోతుంది.

రెండవ మెట్టు హాస్యం. నవ్వు వచ్చినచోట భాష బరువు తెలియదు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి “గణపతి” ఉన్నది. చదువు అబ్బకపోయినా గొప్పలకు మాత్రం కొదువలేని ఒక మనిషి కథ అది. రేడియో నాటకంగా విని కడుపుబ్బ నవ్వినవారు మన పెద్దలలో ఉండే ఉంటారు. మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథలున్నవి. వాటిలో భార్యాభర్తలు ఒకరినొకరు ఎత్తిపొడుచుకొనే తీరు ఈనాటి క్వార్టర్లలోనూ మారలేదు. అన్నింటికంటె ముఖ్యంగా మనవంటివారికి మొక్కపాటి నరసింహశాస్త్రిగారి “బారిస్టర్ పార్వతీశం” కావాలి. మొదటి భాగం 1924లో వచ్చినది. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు కావాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, రైలులో, ఓడలో, పరదేశపు వీధులలో, తన సామానుతోనూ తనకు తెలియని మర్యాదలతోనూ తికమక పడతాడు. చదివేటప్పుడు నవ్వుతాము. పుస్తకం మూసిన తరువాత మాత్రం, ఉద్యోగపు ఉత్తరువు చేతపట్టుకొని, భాష రాని ఊరిలో రైలు దిగిన మన తండ్రులు, తాతలు జ్ఞాపకం వస్తారు. వారు పడిన తికమకలను వారిచేత చెప్పించుకోవడానికి ఇంతకంటె మంచి ఉపాయం లేదు. పార్వతీశం నాలుగు పుటలు చదివి వినిపించి, “మీరు వచ్చినప్పుడు ఎలా ఉండేదండీ?” అని అడగండి.

మూడవ మెట్టు పేరు చెప్పగానే కొందరు పెద్దలు ముఖం చిట్లించవచ్చు. అవి కేవలం కాలక్షేపానికై వచ్చిన నవలలు. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వేయి నవలలు వ్రాసినవారుగా ప్రసిద్ధులు. రైలు ప్రయాణంలో ప్రారంభించి దిగవలసిన స్టేషనుకు ముగించదగిన చిన్న పుస్తకాలవి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు ఒక తరాన్ని నిద్రపోనివ్వలేదు. 1960లలో పత్రికలలో ధారావాహికలుగా వచ్చిన నవలలు, ముఖ్యంగా స్త్రీలు వ్రాసినవి, ఇంటింటా చదువరులను తయారు చేసినవి. యద్దనపూడి సులోచనారాణిగారి “సెక్రటరీ”, ద్వివేదుల విశాలాక్షిగారి “వారధి”, రంగనాయకమ్మగారి “బలిపీఠం” కొరకు పక్కింటి పత్రిక వచ్చేవరకు కాచుకొని ఉన్న గృహిణులెందరో ఉండేవారు. వీటిలో అన్నీ సమానమైనవని నేను అనను. కొన్నింటిలో కథ తప్ప వేరేమీ లేదు. కాని అక్షరాలు కూడబలుక్కొనే స్థాయి నుంచి ఆగకుండా చదువుకొనిపోయే స్థాయికి మనిషిని చేర్చేవి ఇటువంటి పుస్తకాలే. కన్ను వేగం నేర్చుకొనేది ఇక్కడ. హంతకుడు ఎవరో తెలియాలన్న తొందరలో ఒత్తులు, గుణింతాలు ఎప్పుడు అలవాటయినవో పాఠకునికే తెలియదు. ఈ మెట్టును చిన్నచూపు చూచి దాటించబోతే పై మెట్టుకు కాలు అందదు.

నాలుగవ మెట్టు మన సొంత ఊళ్ల కథలు. ఈ పట్టణంలోని తెలుగువారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు ఎక్కువ. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తి అయినది. మన కుటుంబాలలో చాలా వాటిని ఇక్కడకు చేర్చినది ఆ దారియే. ఆ మార్గానికి మొదటి కొనలో ఉన్న జిల్లాలు తెలుగు కథకు పెద్ద గని. చాగంటి సోమయాజులుగారు, అనగా చాసో, విజయనగరంవారు. బడి మానవలసి వచ్చిన పిల్లవానిని గురించిన “ఎందుకు పారేస్తాను, నాన్నా!” అనే కథ కొద్ది పుటలే. చదివిన తండ్రి ఎవడూ ఫీజు కట్టేరోజున దానిని మరువలేడు. విశాఖపట్నం న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి “అల్పజీవి” మన ఉద్యోగులు తప్పక చదవవలసిన నవల. అందులో సుబ్బయ్య అనే పిరికి గుమాస్తా అందరికీ భయపడతాడు. కార్యాలయాలలో పనిచేసేవారికి అతడు అపరిచితుడు కాడు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కాళీపట్నం రామారావుగారి “యజ్ఞం” 1964లో వచ్చినది. ఒక అప్పు తీర్చే విషయమై జరిగిన పంచాయితీ కథ. దాని ముగింపు కఠినమైనది, పిల్లలకు తగినది కాదు. పెద్దలు చదవాలి. మన ముందటి తరం పల్లె విడిచి ఎందుకు వచ్చినదో ఆలోచింపజేస్తుంది. ఆ రచయితయే శ్రీకాకుళంలో 1997లో కథానిలయం స్థాపించి, అచ్చయిన తెలుగు కథలన్నింటినీ ఒకచోట చేర్చడానికి పూనుకొన్నారు. అక్కడ సేకరించిన కథలలో చాలా వాటిని ఈనాడు మన ఇంట్లోనే కంప్యూటరులో చదువుకోవచ్చు. ప్రాంతం వేరైనా ఈ వరుసలోనే చెప్పవలసిన మరొక కథ పాలగుమ్మి పద్మరాజుగారి “గాలివాన”. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథల పోటీలో దానికి ద్వితీయ బహుమతి వచ్చినది. నీతినియమాలలో నిశ్చింతగా ఉన్న ఒక పెద్దమనిషి రైలు ప్రయాణంలో తుపానుకు చిక్కి, ఒక బిచ్చగత్తె ఎదుట తనను తాను క్రొత్తగా చూచుకొంటాడు.

ఐదవ మెట్టు అనువాదాలది. ఈ ఊరికి దానితో ప్రత్యేకమైన చుట్టరికం ఉన్నది. సోవియట్ సహకారంతో ఇక్కడ కర్మాగారం నిర్మించడానికి 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం జరిగినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. రష్యా నుంచి ఇంజనీర్లు ఇక్కడికి వస్తున్న ఆ రోజులలోనే తెలుగువారు కొందరు మాస్కోకు వెళ్లారు. వెళ్లినది ఉక్కు కొరకు కాదు, కథల కొరకు. వుప్పల లక్ష్మణరావుగారు అక్కడి ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకులుగా పనిచేశారు. గోర్కీ, టాల్‌స్టాయ్, చేహోవ్, ఐత్మాతోవ్‌ల రచనలు చక్కని అచ్చుతో, స్వల్పమైన వెలకు తెలుగు పాఠకులకు అందినవి. 1991లో సోవియట్ యూనియన్ అంతరించడంతో ఆ రాక ఆగిపోయినది. మీ ఇంట్లో ఆ పాత పుస్తకాలు ఉంటే చిత్తుకాగితాలవానికి వేయకండి. ఐత్మాతోవ్ “తొలి ఉపాధ్యాయుడు” ఒక్కటి చదవండి. మారుమూల పల్లెలో తనకు వచ్చిన నాలుగు అక్షరాలతోనే పిల్లలకు బడి పెట్టిన మనిషి కథ అది. లక్ష్మణరావుగారి సొంత నవల “అతడు – ఆమె” భార్యాభర్తల డైరీల రూపంలో సాగుతుంది. ఇద్దరూ కలిసి చదవదగిన పుస్తకం. ఇక శరత్‌చంద్రుని సంగతి చెప్పనక్కరలేదు. చక్రపాణిగారి వంటివారి అనువాదాల వలన ఆయనను తెలుగు రచయితగానే భావించినవారు ఉన్నారు. ప్రపంచ ప్రసిద్ధ నవలలలో ఏది ఎన్నుకోవాలో తెలియనివారికి మాలతీ చందూర్‌గారు “స్వాతి” మాసపత్రికలో “పాత కెరటాలు” అనే శీర్షికతో చేసిన పరిచయాలు మంచి దారి చూపుతవి. ఒకరు చదివి, దాని రుచి మరొకరికి చెప్పడం ఎంత ఉపకారమో ఆమె నిరూపించారు.

ఇప్పుడు, ఇంత దూరం నడిచిన తరువాత, పెద్ద గ్రంథాల దగ్గరకు రావచ్చు. కందుకూరి వీరేశలింగంగారి “రాజశేఖర చరిత్రము” 1880లో పుస్తకంగా వెలువడినది. భాష గ్రాంథికమైనా కథ సూటిగా నడుస్తుంది. డబ్బున్నవాని చుట్టూ చేరే ముఖస్తుతిపరులు ఆనాడూ ఈనాడూ ఒకే తీరున ఉన్నారని తెలుస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి “మాలపల్లి” చెరసాలలో పుట్టినది. 1922లో అచ్చయితే ఆనాటి ప్రభుత్వం నిషేధించినది. చివరకు 1937లో కాంగ్రెసు మంత్రివర్గం కాలంలో అది పాఠకులకు స్వేచ్ఛగా అందినది. పాలేరు కుటుంబం ఒక పెద్ద నవలకు కేంద్రం కాగలదని తెలుగులో చూపినది ఆ గ్రంథం. తెలంగాణ జీవితం తెలియాలంటే వట్టికోట ఆళ్వారుస్వామిగారి “ప్రజల మనిషి” చదవాలి. మనిషి మనస్సు లోతులు తెలియాలంటే గోపీచంద్‌గారి “అసమర్థుని జీవయాత్ర”, బుచ్చిబాబుగారి “చివరకు మిగిలేది” ఉన్నవి. అప్పుడు విశ్వనాథ సత్యనారాయణగారి “వేయిపడగలు” తీయండి. మొదట బీరువాలో గుర్తుపెట్టి ఉంచిన పుస్తకమే ఇప్పుడు వేరుగా కనిపిస్తుంది. ఆయన భావాలతో మీరు ఏకీభవించనక్కరలేదు. అంత విశాలమైన కట్టడంలో తిరిగివచ్చిన అనుభవం మాత్రం మిగులుతుంది. తెలుగు లిపి ఇంకా పట్టుబడని యువకులకు మరొక సదుపాయం ఉన్నది. పి. వి. నరసింహారావుగారు దీనిని “సహస్రఫణ్” అనే పేరుతో హిందీలోకి అనువదించారు. మీ హిందీ మిత్రులకు కూడా దానిని బహూకరించవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం నా విధి. పాత పుస్తకాలలో పాత కాలపు దోషాలు కూడా ఉన్నవి. కొన్నింటిలో ఆడవారిని చులకన చేసే మాటలున్నవి. కొన్నింటిలో కులాన్ని బట్టి మనిషిని తూచే అలవాటు కనిపిస్తుంది. అవి కనిపించినప్పుడు పుట దాటవేయకండి, సమర్థించనూ వద్దు. పిల్లలు ప్రశ్నిస్తే ఆగి మాట్లాడండి. అమ్మమ్మ చదువు ఎందుకు ఆగిపోయినదో, ఊరిలో ఏ వీధివారు ఏ బావి నీరు తెచ్చుకొనేవారో చెప్పవలసివస్తుంది. అటువంటి సంభాషణ తెలుగులో జరగడమే పెద్ద లాభం. నిత్యావసరాల మాటలతో సరిపెట్టుకొనే పిల్లవాడు న్యాయాన్యాయాలను గురించి మాతృభాషలో వాదించడం మొదలుపెడతాడు.

చివరగా ఆచరణను గురించి నాలుగు మాటలు. మొదటిది, వారానికి ఒక సాయంకాలం, అరగంటసేపు, ఇంట్లో ఒకరు పైకి చదవాలి, తక్కినవారు వినాలి. షిఫ్టులు మారే ఇండ్లలో ఒకే వారం నియమంగా పెట్టుకోవడం కష్టమే. జనరల్ షిఫ్టు వచ్చిన వారంలోనో, సెలవు రోజుననో పెట్టుకోవచ్చు. శీతాకాలంలో ఊరి నుంచి వచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు చదివితే మరీ మంచిది. వారి గొంతులో ఆ మాటలకు ఉండే జీవం మనకు రాదు.

రెండవది, లిపి భయం విడవాలి. దేవనాగరి వచ్చిన పిల్లవానికి తెలుగు లిపి క్రొత్త శాస్త్రం కాదు. క, ఖ, గ, ఘ అనే వరుస అదే. గుణింతం పద్ధతి అదే. ఆకారాలు మాత్రమే క్రొత్తవి. హిందీలో లేని హ్రస్వమైన ఎకార ఒకారాల దగ్గర తడబడతారు. “ఎడమ”ను “ఏడమ” అని, “ఒకటి”ని “ఓకటి” అని చదువుతారు. నవ్వకుండా సరిదిద్దితే చాలు. వినిన కథనే తిరిగి చదవడానికి ఇస్తే, తరువాత వచ్చే మాట వారికి ముందే తెలిసి ఉంటుంది గనుక అక్షరం త్వరగా పట్టుబడుతుంది.

మూడవది, పుస్తకాలు కదలాలి. మనలో ప్రతి ఇంట్లో పదో పరకో తెలుగు పుస్తకాలున్నవి. ఒక ఇంటిలో “గణపతి”, మరొక ఇంటిలో యుగంధర్, వేరొక ఇంటిలో అట్టలు ఊడిన “చందమామ”లు. ఎవరికివారు దాచుకొన్నంతకాలం అవి చెదపురుగులకే ఉపయోగపడతవి. సంఘంవారు ఒక అల్మారా, ఒక నోటుపుస్తకం ఏర్పాటు చేసి, ఎవరు ఏది తీసుకొన్నారో వ్రాసుకొంటే చాలు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ పుస్తకం గురించి రెండు వాక్యాలు, తప్పులున్నా సరే, తెలుగులోనే వ్రాయాలని నియమం పెడదాము. మరుసటి సంవత్సరపు సంచికకు ఆ నోటుపుస్తకంలోని వాక్యాలే మంచి వ్యాసమవుతవి. అందులో పిల్లల చేతివ్రాత కనిపించిననాడు ఈ ప్రసంగం సార్థకమైనదని నేను భావిస్తాను.

నేను చెప్పిన పేర్లలో మీకు ప్రియమైన పుస్తకం ఏదైనా రాకపోయి ఉండవచ్చు. అందుకు కోపగించక, ఆ పుస్తకాన్నే మొదటగా ఆ అల్మారాలో ఉంచవలసినదిగా ప్రార్థన.